ఆ బుధవారం అతుకు వేసిందెవరు

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పటికీ నమ్మను. మా ఆడబిడ్డ లక్ష్మీదేవి దారిలో నిమ్మకాయ కనబడితే చాలు, పక్క వీధిలోంచి తిరిగి పోతుంది. నేనైతే దాన్ని ఇంటికి తెచ్చి చిత్రాన్నం కలిపే రకం. అందుకే ఇది నమ్మమని ఎవరినీ బతిమాలను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మాది ధర్మవరం. మా ఆయన నారాయణప్ప పట్టుచీరలు నేస్తాడు. మగ్గం మాది, పట్టూ జరీ షావుకారువి. రెండో కాన్పు తర్వాత నాకు జబ్బు మొదలైంది. నెలకు నాలుగు రోజులు కావాల్సిన ముట్టు పది రోజులు, పన్నెండు రోజులు, ఒక్కోసారి ఇరవై రోజులు. పొత్తికడుపులో నొప్పికి పళ్లు బిగించుకుని పడుకునేదాన్ని. పాత చీరలన్నీ చింపి గుడ్డలు చేసుకున్నా చాలేవి కావు.

సూదిమందులు, మాత్రలు, నాటుమందులు, ఎవరేం చెబితే అది మింగాను. ఏడేళ్లు అలాగే గడిచాయి. పెద్దవాళ్లకు చెప్పుకుంటే "ఆడోళ్లకు అందరికీ ఉండేదే" అనేవాళ్లు. అందరికీ ఉండేదైతే అందరూ నాలాగా గోడ పట్టుకుని ఎందుకు నడవరో నాకు అర్థమయ్యేది కాదు.

తొంభైల చివర్లో హిందూపురంలో ఒక డాక్టరమ్మ స్కానింగ్ తీయించింది. గర్భసంచిలో గడ్డలున్నాయి, సంచి తీసేయాలి అంది. ఆపరేషనూ, రక్తమూ, గదీ, మందులూ కలిపి పద్దెనిమిది వేలు. నా కమ్మలు అమ్మేశాం. రొద్దంలో మా అన్న వేరుశనగ అమ్మిన డబ్బులో కొంత చేతిలో పెట్టాడు. అంతా కలిపి ఎనిమిది వేలైంది. తక్కిన పదివేలు షావుకారు అడ్వాన్సుగా ఇవ్వాలి.

ఇక్కడ మా పని గురించి రెండు మాటలు చెప్పాలి. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగుల వరుస, అయిపోతే, దాని కొసలకు కొత్త పడుగు పోగులు అతకాలి. వేళ్లకు బూడిద అద్దుకుని, పాత పోగూ కొత్త పోగూ కలిపి మెలిపెట్టాలి. అలా వేలకొద్దీ పోగులు, ఒక్కొక్కటీ లెక్క తప్పకుండా చేత్తోనే. ఇద్దరు కూర్చున్నా రెండు రోజులు పడుతుంది. మా ఇంట్లో ఆ పని నాది.

మా షావుకారు పద్ధతేమిటంటే, అతుకు పూర్తయిందని తన మనిషి వచ్చి చూస్తే తప్ప అడ్వాన్సు ఇవ్వడు. డబ్బు తీసుకుని ఇంకొకరి పడుగు ఎక్కిస్తారని ఆయన భయం.

అందుకే రెండుసార్లు హిందూపురం ప్రయాణం ఆగిపోయింది. ఆపింది మా ఆయన కాదు, నేనే. ఈ పడుగు అతికేసి పోదాం, ఇది అయిపోనీ, అనేదాన్ని. అతుకు అయి అడ్వాన్సు చేతికి రాగానే అందులో సగం ఇంటి ఖర్చుకే పోయేది.

మూడోసారి కొత్త పడుగు వచ్చిన సోమవారం పొద్దున్నే కూర్చున్నాను. నాలుగు వేళ్ల వెడల్పు అతికానో లేదో కళ్లు తిరిగాయి. మా ఆయన వచ్చి నా చేతిలోని పోగులు విడిపించాడు.

"సరోజా, చాలు లెయ్. దుడ్లు యాడన్నా తెస్తాలే. నువ్వుంటే కదా మగ్గం" అన్నాడు.

పిల్లల్ని మా అన్న దగ్గరికి పంపి, తాళంచెవి ఒకటి పక్కింటి రామక్కకు ఇచ్చి ఆ రోజే బస్సెక్కాం. కొళాయి వచ్చిన రోజు ఆమె మా తొట్టి కూడా నింపి పెడుతుంది. దారిలో పెనుకొండలో లక్ష్మీదేవి మాతో ఎక్కింది. హిందూపురంలో డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి, ఇక ఇంటికి పంపేది లేదంది. మూడు రోజులు రక్తం ఎక్కించి గురువారం ఆపరేషన్ చేస్తామని, అంతకు ముందే పూర్తి డబ్బు కట్టాలని చెప్పింది.

మంగళవారమంతా మా ఆయన హిందూపురంలో తెలిసినవాళ్ల చుట్టూ తిరిగాడు. ఎక్కడా పుట్టలేదు. బుధవారం మధ్యాహ్నం ధర్మవరం బస్సెక్కాడు. షావుకారు కాళ్లయినా పట్టుకుంటానన్నాడు. పట్టుకున్నా ఇవ్వడని నాకు తెలుసు. లక్ష్మీదేవి ముందు ఏడవకూడదని గోడవైపు తిరిగి పడుకున్నాను.

అలాగే నిద్ర పట్టేసింది. ఇక్కడ కలొచ్చిందని రాస్తే బాగుంటుంది గానీ ఏ కలా రాలేదు. కుడిచేతికి రక్తం సీసా ఉంది. లక్ష్మీదేవి నా పక్కనే స్టూలు మీద కూర్చుని ఉంది, కాఫీకి కూడా లేచి పోలేదని తర్వాత ప్రమాణం చేసి చెప్పింది.

నాలుగు గంటలప్పుడు నర్సు వచ్చి లేపింది. నా ఎడమచెయ్యి పట్టుకుని చూసి నవ్వింది.

"ఏమక్కా, నిద్రలో అంట్లు తోమేకి పోయింటివా? ఏళ్ల నిండా బూడిదుండాది."

బొటనవేలికీ చూపుడువేలికీ తెల్లగా బూడిద. గోళ్ల సందుల్లో కూడా ఉంది. స్పిరిట్ దూదితో ఆమే తుడిచింది. సోమవారం నాటిదేమో అనుకున్నాను. కానీ ఈ మధ్యలో ఎన్నిసార్లు చేతులు కడుక్కున్నానో నాకు తెలుసు. మెడా వేళ్లూ పనిచేసిన రోజు పీకినట్టే పీకుతున్నాయి.

గురువారం తెల్లారగానే మా ఆయన మొదటి బస్సుకు వచ్చేశాడు. జేబులో పదివేలున్నాయి. ముఖం వెలిగిపోతోంది.

"రామక్క పుణ్యం కట్టుకునిందే! ఇంటికి పోయి చూస్తే అతుకు అయిపోయుండాది. ఆయమ్మే మనుషుల్ని పెట్టి చేయించినట్టుంది. ఆమె ఇల్లు తాళమేసుండె, పలకరించేకి కూడా కాలేదు" అన్నాడు.

షావుకారు మనిషి వచ్చి అతుకు మీద చెయ్యి పెట్టి చూసి, డబ్బు ఇప్పించాడట. నాకు ఏడుపు ఆగలేదు. ఈసారి గోడవైపు తిరగలేదు. ఆ పూటే ఆపరేషన్ అయింది.

రెండు వారాలకు ఇల్లు చేరాం. నేను ముందుగా చేసిన పని రామక్కను పిలిచి చేతులు పట్టుకోవడం. ఆమె చేతులు విదిలించుకుని నన్నే తిట్టింది.

"నేను యాడ అతికితి? నువ్వే కదమ్మా కూర్చోనుంటివి! బుధవారం కొళాయొస్తే నీళ్లు పట్టేకి తాళం తీసినా. మగ్గం ఎనక తల వంచుకోని అతుకుతాండావు. పెరటి వాకిట్లోంచి వచ్చినావేమో అనుకుంటి. ఆస్పత్రిలో ఉండాల్సిన మనిషి ఈడేం చేస్తాండాదని బాధేసె. మజ్జిగ పెట్టి, బీగమేసుకోని పోతి."

"నన్ను పిలవలేదా రామక్కా?"

"అతికేటప్పుడు ఎవురన్నా పలకరిస్తారా? లెక్క తప్పదూ?"

మా వీధిలో అందరికీ ఉన్న అలవాటే అది. అతుకు దగ్గర కూర్చున్న మనిషితో ఎవరూ మాట్లాడరు. మా ఆయన నెమ్మదిగా, ఆ బుధవారం తను వచ్చేసరికి మజ్జిగ లోటా మగ్గం పక్కనే ఉండిందనీ, ఎవరూ ముట్టలేదనీ చెప్పాడు.

నేను మగ్గం వెనక్కి పోయాను. మా ఆయన నాతోనే ఆస్పత్రిలో ఉండడంతో నేత మొదలుకాలేదు, అతుకంతా అలాగే ఉంది. నాది ఎడమచేతి వాటం. నేను పెట్టే మెలి అందరి మెలికీ ఎదురు తిరిగి ఉంటుంది. ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాను. ప్రతి పోగూ నా మెలే. మా వీధిలో ఎడమచేత్తో అతికేవాళ్లు ఇంకెవరూ లేరు.

నేను కూర్చునే గోనెపట్ట మీద ఒక మరక కూడా ఉంది. ఈ జబ్బున్న ఏ ఆడదైనా లేచిన ప్రతిసారీ వెనక్కి తిరిగి చూసుకుంటుంది. సోమవారం లేచేటప్పుడు, అంత కళ్లు తిరుగుతున్నా చూసుకున్నాను. అప్పుడు మరక లేదు. ఎవరికీ చెప్పకుండా గోనెపట్ట ఉతికి ఆరేశాను.

లక్ష్మీదేవి అమ్మవారి మహిమ అంటుంది. మా ఆయన దేవుడు మన పక్కనున్నాడు అంటాడు. వేరే ఎవరో అతికి చెప్పకుండా పోయారేమోనని వీధంతా అడిగి చూశాను. అందరూ మేం కాదనే అన్నారు. ఇన్నేళ్లు ఆలోచించినా నాకు సమాధానం దొరకలేదు. మహిమ అని దండం పెట్టడానికి మాత్రం నాకు చేతులు రావడం లేదు.

ఆ బుధవారం మగ్గం వెనక కూర్చున్న ఆమెను తలుచుకుంటే భయం వేయదు, జాలేస్తుంది. ఆమె నేనే అయితే, రక్తం లేక పడిపోయిన మనిషి తన ఆపరేషన్‌కు డబ్బు తనే సంపాదించుకోవాల్సి వచ్చింది. పక్కన పెట్టిన మజ్జిగ తాగడానికి కూడా తల ఎత్తలేదు.

ఇప్పుడు మా వీధిలో ఏ ఆడమనిషి అతుకు దగ్గర కూర్చున్నా నేను పోయి పేరు పెట్టి పిలుస్తాను. తల ఎత్తి నాకేసి చూసేదాకా పిలుస్తాను. లెక్క తప్పిందని తిడతారు. తిట్టనీ. ఇంకోసారి లెక్కపెట్టుకుంటారు.