ముంబై రేవులో ఆగిపోయిన కారు

మొన్నామధ్య సూరత్ పక్కన కడోదరాలో మనవాళ్ళ పెళ్ళికి వెళ్ళినప్పుడు, బంతిలో నా పక్కన కూర్చున్న పెళ్ళికొడుకు బాబాయి, దుబాయిలో వాడిన కార్లు చవగ్గా దొరుకుతున్నాయట, ఒకటి ఓడలో తెప్పించుకుంటే ఎలా ఉంటుందని అడిగాడు. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అతనికి వద్దని రెండు ముక్కల్లో చెప్పగలిగాను గాని, చెప్పలేకపోయినదంతా ఇంటికి వచ్చాక కూడా నన్ను వదల్లేదు.

మా బావమరిది, అంటే మా ఆవిడకు ఒక్కగానొక్క తమ్ముడు, మస్కట్‌లో ఒక ముసలి సేటు దగ్గర డ్రైవరుగా ఉండేవాడు. నేను ఉధ్నా మరమగ్గాల్లో చేరిన కొత్తలో వాడూ నా వెంట సూరత్ వచ్చి, ఆ చప్పుడు భరించలేక నెల తిరక్కుండానే వెళ్ళిపోయాడు. మగ్గాల మోత అలవాటైనవాడికి అది ఆగితే నిద్ర పట్టదు, అలవాటు కానివాడికి అది వింటే అన్నం సహించదు. వాడిది రెండో రకం. స్టీరింగు చేతికొచ్చాకే మనిషి కుదుటపడ్డాడు. పెళ్ళి చేసుకోలేదు. సెలవుకు వచ్చినప్పుడల్లా మా ఇల్లే వాడిల్లు.

కరోనా వచ్చిన ఏడాది ఆ సేటు పోయాడు. ఇన్నేళ్ళూ మా నాన్నను కన్నకొడుకులా తిప్పావంటూ ఆయన పిల్లలు ఆ కారు వీడికే ఇచ్చేశారు. బుద్ధెరిగినప్పటి నుంచీ వాడికి ఎవరూ ఏదీ ఊరికే ఇచ్చింది లేదు. అక్కడే అమ్ముకొమ్మని తోటివాళ్ళు చెప్పినా వినకుండా, అంతా నేను చూసుకుంటానన్న ఓడల మనిషి మాట నమ్మి, కారు అతనికి అప్పగించి ప్రత్యేక విమానమెక్కి వచ్చేశాడు.

ఆ నెలల్లో మా గల్లీలో నవ్వుతూ తిరిగినవాడు వాడొక్కడే. మగ్గాలు ఆగిపోయి, జనం సగం మంది ఊళ్ళకు పోయి, మిగిలినవాళ్ళం గడపల మీద కూర్చుంటే, మాస్కు కిందికి లాగి మరీ అందరికీ ఫోనులో కారు ఫోటో చూపించేవాడు. కారు నిలపడానికని మా ఆవిడ బట్టలారేసే తీగ కూడా పక్కకు జరిపించాడు. "అక్కా, ముంగట సీట్ల నువ్వే కూసోవాలె. కామ్‌రేజ్ దాక పోయొద్దాం," అంటే, ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వేది.

కారు ముంబై రేవుకు చేరాక అక్కడి ఏజెంటు ఫోను చేశాడు. స్టీరింగు ఎడమవైపున్న పాత కారును ఈ దేశంలోకి రానివ్వరట. పైగా మూడేళ్ళు దాటిందట. అవన్నీ సరిగా ఉన్నా, కట్టవలసిన సుంకం కారు విలువనే మించిపోతుందట. ఓడ ఎక్కించినవాడు ఇందులో ఒక్కటీ చెప్పలేదు, ఆ తరువాత ఫోనూ ఎత్తలేదు.

"స్టీరింగ్ ఇటు దిక్కు మార్పిస్త బావా, మనకాడ మిస్త్రీలు లేరా ఏంది?" అన్నాడు వాడు. అదీ కుదరదన్నారు.

రైళ్ళు నడిచాక ఇద్దరం ముంబై వెళ్ళాం. లోపలికి పోనివ్వలేదు. కటకటాల గేటు బయట నిలబడితే, వరుసలో చివరి కారు వాడిదేనని దూరం నుంచే గుర్తుపట్టాడు. ఒక్కసారి తుడిచి వస్తానని కాపలావాణ్ణి హిందీలో చాలాసేపు బతిమాలాడు. ఆ కాపలావాడూ మంచివాడే పాపం, నా చేతిలో ఏముందన్నట్టు తల దించుకున్నాడు.

"ఎంత దుమ్ము పట్టిచ్చిన్రు బావా," అన్నాడు నాతో. "సేట్ ఉంటె నన్ను ఎంత తిడుతుండెనో."

తిరిగి పంపే స్తోమత లేక, కారు మీద హక్కు వదులుకుంటున్నట్టు సంతకం పెట్టి వచ్చాడు.

మరుసటి ఎండాకాలం జబ్బు రెండోసారి విరుచుకుపడింది. అంబులెన్సులు దొరక్క జనం అల్లాడుతుంటే, వాడు తెలిసినవాళ్ళ వ్యాను తీసుకుని ఉధ్నా రోగుల్ని ఆసుపత్రులకు చేర్చడం మొదలుపెట్టాడు. మా ఆవిడ గుమ్మానికి అడ్డం నిలబడి, "పోకు తమ్మీ, నీ కాళ్ళు మొక్కుత," అని ఏడ్చింది. "అక్కా, తోలుడు తప్ప నాకేమొస్తది? నడువు జరుగు," అని మెల్లగా ఆమెను పక్కకు జరిపి వెళ్ళాడు. చివరికి అదే వ్యానులో వెనక పడుకుని ఆసుపత్రికి పోయినవాడు మళ్ళీ ఇంటికి రాలేదు. శవాన్ని కూడా ఇవ్వలేదు.

పూర్వం మా గల్లీలో ఎవరింట్లోనైనా చావు జరిగితే, ఆ ఇంట పొయ్యి వెలిగించనిచ్చేవారు కారు. ఇంటికొక గిన్నె చొప్పున అన్నాలు వచ్చేవి, ఆడవాళ్ళు వచ్చి పక్కనే కూర్చునేవారు. వాడు పోయిననాడు ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఎవరి ప్రాణభయం వారిది, తప్పుపట్టలేను. నన్ను బాధించేది మరొకటి: జబ్బు పోయింది, మగ్గాలు తిరిగాయి, గల్లీ నిండా కొత్త కార్లు వచ్చాయి గాని, ఆనాడు ఆగిన ఆ రాకపోకలు మాత్రం మళ్ళీ మొదలుకాలేదు. ఈమధ్య మూడో ఇంట్లో పెద్దాయన పోతే అందరూ ఫోనుల్లోనే చేతులు జోడించిన బొమ్మలు పంపి ఊరుకున్నారు. మా ఆవిడ మాత్రం ఎవరికీ చెప్పకుండా అన్నం వండి, గిన్నె మీద మూతపెట్టి, ఒక్కతే వాళ్ళింటికి నడిచి వెళ్ళింది.