గాజులవ్వ చెప్పిన ఒక్క పేరు

"అవ్వ పోయిందక్కా. అంగడికని తయారై, మెట్ల మీద కూసొని చెప్పులు తొడుక్కుంట తొడుక్కుంటనే ఒరిగింది" అని గాజులవ్వ కొడుకు ఫోన్ చేశాడు. నేనప్పుడు చేవెళ్లలో ఒక బాలింత ఇంట్లో పసిపాపకు నీళ్లు పోస్తున్నాను. సెల్లు చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని విన్నాను. పాపను తుడిచి, గుడ్డ చుట్టి, తల్లి ఒడిలో పెట్టాక గానీ ఏడవలేదు. చేతుల్లో బిడ్డ ఉండగా ఏడవడానికి మా పనిలో వీల్లేదు.

గాజులవ్వ నాకు చుట్టం కాదు. మొయినాబాద్ బస్టాపు ఎదుట వరుసగా ఉన్న షట్టర్లలో ఒకటి ఆమెది, పక్కది నాది. ఇద్దరి కిరాయీ ఒక్క సేటుకే కట్టేవాళ్లం. ఆమె రోజూ మా పక్క ఊరు హిమాయత్‌నగర్ నుంచి షేర్ ఆటోలో వచ్చేది. వచ్చీ రాగానే షట్టర్ సగమే ఎత్తి, వంగి లోపలికి దూరి, గాజుల పెట్టెలన్నీ తుడిచాక మిగతా సగం ఎత్తేది. ఎందుకట్లా అంటే, "మొకం కడుక్కోకుండ ఎవలన్న బయటికొస్తరా?" అనేది.

నేను మెహదీపట్నంలో ఒక నర్సింగ్ హోమ్‌లో నర్సుగా చేసి మానేశాను. అక్కడ నొప్పులు పడే మనిషి పక్కన కాసేపు కూర్చోవడానికి ఎవరికీ తీరిక ఉండేది కాదు. ఆ కూర్చోవడమే పనిగా పెట్టుకుందామనుకున్నాను. కాన్పు డాక్టరమ్మే చేస్తుంది. నేను నెలలు నిండేదాకా ఇంటికెళ్లి చూసుకుంటాను, నొప్పులప్పుడు వెంట ఉంటాను, నడిపిస్తాను, నడుం రుద్దుతాను, బిడ్డ పుట్టాక పాలు పట్టడం నేర్పిస్తాను. మా ఆయన "ఒక ఏడాది చూద్దాం" అన్నాడు. ఏడాదిలో గిరాకీ రాకపోతే మళ్లీ నైట్ డ్యూటీలకు పోవాలి. అదీ ఒప్పందం.

హైటెక్ సిటీలో ఉద్యోగాలు చేసే కోస్తా కుటుంబాలు మా వైపు విల్లాలు కొనుక్కుంటున్న రోజులవి. అమ్మలూ అత్తలూ దూరాన ఉంటారు, తోడు కావాలి, నన్ను పిలుస్తారు అని లెక్క వేసుకున్నాను. బోర్డు పెట్టాను. చేవెళ్లలో రెండు దవాఖానల్లో కార్డులిచ్చి వచ్చాను. కడుపుతో ఉన్న అమ్మ బొమ్మతో రంగుల పాంప్లెట్లు కొట్టించి పేపర్లతో పాటు విల్లాల్లో ఇంటింటికీ వేయించాను. వచ్చిన ఫోన్లు ఏమిటయ్యా అంటే, ఒకటి వంటమనిషి కావాలని, ఇంకొకటి కుక్కను చూసుకుంటారా అని.

తర్వాత ఒక పెద్దావిడ కారు దిగి నేరుగా నా గదిలోకి వచ్చింది. గిరాకీ అనుకుని కుర్చీ తుడిచాను. ఆవిడ కూర్చోలేదు. చేతిలో నా పాంప్లెట్.

"మా కోడలి సంగతి మీకెవరు చెప్పారండీ?"

"ఏం సంగతమ్మా?"

"ఏమీ తెలియనట్టు అడక్కండి. మా చుట్టాలకే చెప్పుకోలేదు మేము. మా ఇంటికే ఈ కాగితం ఎలా వచ్చింది?"

అన్నిళ్లకూ వేశామంటే నమ్మలేదు. ఆ కోడలికి అంతకుముందు ఒకసారి మూడో నెలలో కడుపు పోయిందట. ఈసారి ఎవరి నోటా పడకూడదని ఇంటిల్లిపాదీ నోరు కట్టుకుని ఉంటే, పొద్దున్నే గుమ్మంలో నిండు కడుపు బొమ్మ వచ్చి పడింది. ఆవిడ భయం ఆవిడది. కానీ ఆరోజు నాకు ఒళ్లు మండింది. ఊళ్లోకెల్లా నాకు తెలిసిన ఒకే ఒక్క కడుపు అది. అదీ ఆవిడే చెప్పిపోయింది.

పక్క షట్టర్లో గాజులవ్వ అంతా విని, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "గిరాకి కోడి లెక్క బిడ్డా. ఎంబడి వడితె ఉరుకుతది. గింజలేసి ఊకె కూసుంటె అదే వస్తది."

ఆమె ఇల్లిల్లూ తిరుగుతుందని నాకు తెలుసు. సీమంతాలకు గాజుల మలారం మోసుకుని వెళ్లేది ఆమే. ఎవరికెన్నో నెలో ఆమెకు తెలిసినట్టు అత్తగార్లకు కూడా తెలియదు. అందుకే అడిగాను. "అవ్వా, ఎవరెవరు కడుపుతో ఉన్నరో జర చెప్పరాదు? నేనే పోయి మాట్లాడుకుంట."

నవ్వు ఆపేసింది. "నీ పేరు వాళ్లకు చెప్త. వాళ్ల పేరు నీకు చెప్ప."

నాకు కోపం వచ్చింది. గాజులమ్మేవాళ్ల నోట్లో నువ్వుగింజ నానదని విన్నాను గానీ, ఈమె నోట్లో బస్తాడు నువ్వులు పోసినా ఒక్కటి బయటికి వచ్చేలా లేదు.

కానీ అన్నమాట ప్రకారం నా పేరు చెప్పింది. ఎట్లా చెప్పేదో ఒకసారి కళ్లారా చూశాను. రెండు చేతులకూ డజను డజను తొడగాలంటే చాలాసేపు పడుతుంది. తొడిగించుకునే మనిషి కదలడానికి లేదు. "చెయ్యి నా చేతిల ఉన్నంతసేపు యాడికి పోతది?" అనేది. వేళ్లు దగ్గరికి నొక్కి, గాజును ఎముక దాటిస్తూ, మాటల మధ్యలో మాటలా అడిగేది. "కాన్పుకు ఎవలుంటరు బిడ్డా?" తొలిచూలు వాళ్లు తల్లిగారింటికి పోతామనేవాళ్లు. వాళ్లకు ఇంకేం చెప్పేది కాదు. రెండో కాన్పువాళ్లూ, తల్లి లేనివాళ్లూ ఎవరున్నారవ్వా అనేవాళ్లు. అప్పుడు చెప్పేది. "మా పక్క రూముల ఒక పిల్ల ఉన్నది. డాక్టరు కాదు, ఆయా కాదు. నొప్పులప్పుడు ఇడిచిపెట్టి పోదు." అంతే. ఫోన్ నంబరు కూడా ఇచ్చేది కాదు. "కావాలంటె మొయినాబాద్ వస్తరు, మొయినాబాద్ ఏమన్న లండనా?"

వచ్చారు. ఒకరి తర్వాత ఒకరు, మెల్లగా. కమీషన్ ఇస్తానంటే తిట్టింది. పొద్దున చాయ్ మాత్రం నా లెక్కలో తాగేది, అందులోకి బన్ను కూడా నా లెక్కే.

ఖాళీగా ఉన్నప్పుడు నా పని గురించి అడిగేది. కడుపుతో ఉన్నవాళ్లకు కాళ్లు పొంగడం మామూలే అవ్వా, కానీ చేతులూ మొహమూ ఒక్కసారే పొంగి, తలనొప్పి, కళ్లముందు మెరుపులు అంటే మాత్రం ఆగొద్దు, అప్పుడే దవాఖానకు పోవాలి అని చెప్పాను. ఊ కొట్టింది. విన్నదో లేదో అనుకున్నాను.

ఆమె పని కూడా తగ్గుతున్న రోజులే అవి. "భూములమ్మినోళ్ల చేతులకు బంగారం వచ్చింది, ఇంక మట్టిగాజులు ఎవలికి గావాలె" అనేది. మిగిలిన ఆధారం విల్లాల సీమంతాలే. ఒక సీమంతం దొరికితే పేరంటాళ్లందరికీ గాజులు. ఆ పెద్దావిడ ఇంట్లో కూడా ఏడో నెలలో ఆమే తొడిగి వచ్చింది. ఆ కోడలికి తల్లి లేదు, కాన్పు ఇక్కడేనన్న సంగతి నాకు తర్వాతే తెలిసింది. అవ్వ అప్పుడు నాకు ఒక్క మాటైనా చెప్పలేదు. ఆ ఇంట్లో నా పేరు కూడా ఎత్తలేదట, పెద్దావిడకు పడదని.

కొన్ని వారాలకు ఒక మధ్యాహ్నం, అవ్వ షట్టర్ కూడా తెరవకుండా నేరుగా నా గదిలోకి వచ్చింది. ఆటోను బయటే ఆపి ఉంచింది. ఆ పెద్దావిడ కోడలి పేరు చెప్పింది. ఇల్లు చెప్పింది. ఆమె నోట ఇట్లా ఒక మనిషి పేరు వినడం నాకదే మొదలు.

ఆ వీధిలో వేరే ఇంటికి పోతుంటే ఆ పిల్ల కిటికీలోంచి పిలిచిందట. గాజులు పొంగిన చేతుల్లోకి దిగిపోయి ఉన్నాయి, తియ్యమంది. పొద్దుటి నుంచి తలనొప్పి, మొహం ఉబ్బిపోయింది. పెద్దావిడ అడ్డుకుంది. సీమంతం గాజులు కాన్పు కాకుండా తీయకూడదు, నీళ్లు పట్టడం మామూలే, నీ పని గాజులు తొడగడం అని పంపేసింది.

మేం వెళ్లేసరికి పెద్దావిడ గుమ్మంలోనే నిలబడింది. నన్ను చూసి, "మళ్లీ మీరా? మీకెవరు చెప్పారండీ?" అంది.

నేను నోరు తెరిచేలోపే గాజులవ్వ ముందుకొచ్చింది. "నేనే చెప్పిన. నన్ను తర్వాత తిట్టుండ్రి."

బీపీ చూశాను. ఉండకూడనంత ఉంది. ఆ పిల్ల భర్తకు ఆఫీసుకు ఫోన్ చేసి, కారు పిలిపించి, పట్నంలో పెద్ద దవాఖానకు చెప్పించాను. ఆలోగా గాజులవ్వ చెంబుడు నీళ్లు, సబ్బు తెచ్చుకుని ఆ పిల్ల కాళ్ల దగ్గర కూర్చుంది. ఒక్కో గాజూ నురగలో జారుస్తూ తీసింది. ఒక్కటీ చిట్లనివ్వలేదు. తీసినవన్నీ పెద్దావిడ చేతిలో పెట్టబోతే ఆవిడ మొహం తిప్పుకుంది. సాయంత్రానికి ఆపరేషన్ అయింది. నెలలు నిండని ఆడపిల్ల. చాన్నాళ్లు అద్దాల పెట్టెలో ఉండి, తల్లితో కలిసి క్షేమంగా ఇంటికి వచ్చింది.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. పెద్దావిడను కొడుకు అందరి ముందూ గట్టిగా మందలించాడట. ఆవిడ ఆ ఉక్రోషమంతా గాజుల మీదికి తిప్పింది. గాజులు తీయబట్టే బిడ్డ ముందే పుట్టింది, పైగా ఆ గాజులావిడ ఇళ్ల సంగతులు బయట చెబుతుంది అని వీధంతా చెప్పింది. రెండో మాట నిజం కూడా. ఆ వీధిలో మళ్లీ ఏ సీమంతానికీ ఆమెను పిలవలేదు. అటు ఆ కోడలేమో తన ఆఫీసులో నా గురించి చెప్పింది, నాకు ఫోన్లు ఆగలేదు. మా ఆయన ఏడాది గడువు మాటే ఎత్తలేదు. పక్కపక్క షట్టర్లలో నాకు గిరాకీ పెరగడం, ఆమెకు తగ్గడం రోజూ చూస్తూ ఊరుకోలేకపోయాను.

"నేను పోయి ఆ పెద్దావిడతోటి మాట్లాడుత అవ్వా" అన్నాను.

"ఏమని? నేను చెప్పలేదంటవా? చెప్పిన గద." గాజుల మీద దుమ్ము దులుపుతూనే ఉంది. "చెప్పకపోతె ఆ పిల్ల పేరే ఉండకపోవు బిడ్డా. పో, నీ ఫోను మోగుతున్నది."

ఆ తర్వాత చేవెళ్ల అంగడి పట్టుకుంది. వారంవారం మలారం భుజానేసుకుని బస్సెక్కేది. ఆ వయసులో ఆ తిరుగుడు లేకపోతే ఇంకొన్నాళ్లు ఉండేదేమోనని నాకు ఇప్పటికీ ఉంది. ఆమె ఉంటే "ఉండి ఏం జేద్దును" అనేదే.

ఆమె పోయిన పదో రోజు దాటాక, నా గది తెరుస్తుంటే కారు ఆగింది. ఆ పెద్దావిడే. నన్ను చూసి కూడా చూడనట్టు పక్క షట్టర్ ముందుకు వెళ్లి నిలబడింది. తాళం చూసింది.

"గాజులావిడ ఎప్పుడొస్తారండీ?"

నేను జవాబు చెప్పేలోపే గొంతు తగ్గించి, అటూ ఇటూ చూసి అంది. "మా చిన్న కోడలికి మూడో నెల. ఇంకా ఎవరికీ చెప్పలేదు. ముందు ఆవిడకి చెబుదామని వచ్చాను."

ఆ చిన్న కోడలికి మొన్ననే సీమంతం అయింది, లోకానికంతా తెలిసింది కనుక ఈ మాట ఇప్పుడు రాయగలుగుతున్నాను. ఆరోజు మాత్రం, అవ్వ పోయిందని ఒక్క మాట చెప్పాను. గాజులు తొడిగించుకునేవాళ్ల కోసం అవ్వ బయట వేసి ఉంచే పీట ఇంకా అక్కడే ఉంది. ఆవిడ దాని మీద మెల్లగా కూర్చుంది. బస్సులు వచ్చిపోతున్నాయి. మూసిన షట్టర్ వైపు తిరిగి, రెండు చేతులూ ముందుకు పెట్టుకుని, ఆవిడ చాలాసేపు అట్లాగే కూర్చుంది.