చల్లారేదాకా ఆగాలి

నాయుడుపేట దగ్గర హైవే పక్కన పంక్చర్ షాపు పెట్టుకున్న హెబ్రోను, ఖరీదైన కార్లు ఆగితే చాలు అరగంట కూర్చోబెడతాడనీ, అదంతా పక్కనే ఉన్న చెల్లెలు ఆనందకుమారి టీకొట్టుకు బేరం తగలాలనేననీ ఊళ్లో అంటారు. విని విని విసుగొచ్చి హెబ్రోను జవాబివ్వడం మానేశాడు. కారు ఆగగానే జ్వరం చూసినట్టు టైరు మీద అరచెయ్యి ఆనిస్తాడు, గాలి ఒకసారి కొలుస్తాడు, నిట్టూర్చి గేజిని జేబులో వేసుకుని గుండీ పెట్టేస్తాడు. మొన్న ఆదివారం పొద్దున చెన్నై నుంచి దూసుకొచ్చిన ఎర్ర స్పోర్ట్స్ కారాయనకూ అంతే చేశాడు.

“డోరు మీద గాలి ముప్ఫై మూడుండాలని రాసి ఉంది. నీ గేజిలో ముప్ఫై ఎనిమిది చూపించింది. ఐదు తీసెయ్యవయ్యా.”

“అది చల్లటి టైరు లెక్క సార్. ఇది కాలిపోతా ఉండాది. ఇప్పుడు తీస్తే చల్లారినాక ఇరవై ఎనిమిదికి దిగిపోద్ది. మీ టైరు పక్కలు చూస్తే అప్పడం మందం లేవు. గుంతలో పడితే చక్రమే పగిలిపోద్ది. వచ్చినోళ్లందరికీ ఇదే చెప్పలేక చస్తా ఉండా.”

“బంకులో చెప్పారులే, టీ అమ్ముకోవడానికే ఈ కథలని.”

హెబ్రోను నెత్తి కొట్టుకుని, గోడకు ఆనించిన పగిలిన చక్రాన్ని చూపించాడు. పోయిన నెల ఇట్లాగే వినకుండా పోయినాయనది అది. కారాయన దాన్ని కాసేపు చూసి, బెంచీ మీద కూలబడ్డాడు.

“సరే, గెలిచావు. ఆ టీ ఏదో తెప్పించు.”

“టీ లేదు సార్.”

ఇలాంటి కార్లు ఈ రోడ్డున వచ్చేది ఆదివారం పొద్దునే. ఆదివారం పొద్దున ఆనందకుమారి టీకొట్టుకు తాళం వేసి చర్చికి పోతుంది.