జీడి పెంకుల తాబేలు

మొన్న దసరా సెలవులకి మా మునిమనవరాలిని చేత్తో ఏదో ఒకటి చేసి తెమ్మన్నారట బడిలో. వాళ్ల నాన్న సెల్‌ఫోన్లో ఆర్డరు పెడితే మర్నాటికల్లా అట్టపెట్టె వచ్చేసింది. అందులో ఇల్లుంది, చెట్లున్నాయి, చివరికి బంక కూడా ఉంది. అంటించడమే తరువాయి. అదీ వాళ్లమ్మే, అంటే నా మనవరాలే, అంటించింది. పిల్ల పక్కన కూర్చుని బిస్కెట్లు తింది. నేను నవ్వితే "ఎందుకే ముసలీ నవ్వుతావు?" అంది. ఎందుకో చెబుతున్నాను. నాకు సంతకం వరకే వచ్చు కనుక మనవరాలు రాసిపెడుతోంది.

అరవైలు అయిపోతున్న రోజులవి. పలాసలో మేమున్న వీధి నిండా జీడి వాసనే. పిక్కల్ని పెద్ద పెనాల మీద వేపుతుంటే నల్లటి పొగ లేచి, ఆరేసిన బట్టల్లోకీ వండిన అన్నంలోకీ దూరేది. నేను బట్టీలో పిక్కలు కొట్టేదాన్ని. పిక్క పెంకులో ఒక రసం ఉంటుంది, ఒంటికి అంటితే కాల్చేస్తుంది. చేతులకి ఆముదం రాసుకుని, బూడిదలో ముంచుకుని కొట్టాలి. ఎంత రాసుకున్నా ఏళ్ల తరబడి కొట్టిన చేయి నల్లగా మొద్దుబారిపోతుంది. పొయ్యిలో నిప్పు కణిక చేత్తో తీసి పక్కన పెట్టేదాన్ని నేను. మా ఆయన, ఇప్పుడు లేరు, అప్పట్లో నౌపడ ఉప్పు మడుల్లో పని చేసేవారు, వారానికోసారి వచ్చేవారు. ఇంట్లో నేనూ, మా అత్తా, ఆరో తరగతి చదువుతున్న మా పెద్దమ్మాయీ.

ఆ పిల్ల బడి నుంచి రాగానే నా పక్కన చేరి పిక్కలు కొట్టేది. దాని వేళ్లూ నల్లబడ్డాయి. పుస్తకంలో ప్రతి పేజీకీ బొటనవేలి ముద్రే. బడిలో పిల్లలు 'మసిచేతులు' అని పేరు పెట్టి, బెంచీ మీద దీని పక్కన కూర్చునేవారు కాదట. దసరా సెలవులిచ్చిన రోజు వచ్చి సంచీ మూలకి విసిరేసింది.

"ఇంట్లో ఉన్నవాటితో ఏదైనా సేసి తేవాలంట. మనింట్లో ఏటున్నాదే, పెంకులు తప్ప? నానింక బడికెల్లను."

మా అత్తకి పండగొచ్చినట్టయింది. "ఎల్లకు. పిక్కలు కొట్టీ సేతికి సదువేటి? సెలవులైపోయాక మీ అమ్మ పక్కన పీటేసుకో," అంది.

నాకు ఒళ్లు మండింది. నా పక్కన పీట వేయిస్తే ఆ పీట మీదే దాని జన్మంతా గడిచిపోతుందని నాకు తెలుసు. "పెంకులున్నాయి కదేటే, పెంకుల్తోనే సేద్దాం. అది పట్టుకుని ఒక్క రోజు ఎల్లు. నచ్చకపోతే నువ్వే మానీ," అన్నాను. ఏం చేస్తానో నాకే తెలియదు. అయినా చెయ్యలేనని అనుకోవడం నాకెప్పుడూ అలవాటు లేదు.

మా పుట్టిల్లు ఉద్దానంలో, సముద్రం ఒడ్డున. చిన్నప్పుడు ఇసకలోకి గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేళ్లని చూశాను. కొబ్బరి చిప్ప బోర్లించగానే అదే గుర్తొచ్చింది. చిప్ప మీద జీడి పెంకులు ఒకదాని మీదొకటి వచ్చేలా తుమ్మ బంకతో అంటించాం. కాళ్లకి నాలుగు పిక్కలు, తలకి ఒక పెద్ద పిక్క. జీడి పిక్కని సృష్టించిందే తాబేలు తల కోసమా అన్నట్టు అమరింది. బాగా మాడిన పెంకులైతే ముడుచుకుపోయి అందంగా ఉండవని, సగం వేగి ఎర్రగా ఉన్నవి ఏరాను. చేసిన తప్పు అక్కడే. నాలుగు రోజులు ఎండలో పెడితే తాబేలు తళతళా మెరిసింది. నీళ్లలోంచి అప్పుడే పైకొచ్చినట్టుందని మురిసిపోయాను. ఎండకి పెంకుల్లో మిగిలిన రసం పైకి ఊరుతోందని తట్టలేదు. ఆరిందో లేదో తడిమి చూశాను కూడా. చేతికి చుర్రుమనలేదు. ఈ చేతికి ఏం తెలుస్తుంది?

మా అత్త కూడా రెండుసార్లు వంగి చూసింది. "మూతి నీలాగే ఉంది," అంది నాతో.

"నీకూ ఒకటి సేత్తానత్తా, మంచం కింద కాపలా ఉంటాది," అన్నాను.

బడి తెరిచిన రోజు పిల్ల ఎగురుకుంటూ వచ్చింది. మేస్టారు తాబేల్ని రెండు చేతులతో ఎత్తి తరగతంతా తిప్పారట, బల్ల మీద పెట్టుకుని మాటిమాటికీ నిమిరారట. ఆ రాత్రి నేను హాయిగా పడుకున్నాను. తెల్లారేసరికి పక్కింటి పిల్లలు కేకలేస్తూ వచ్చారు. "మేస్టారికి సేతులు పొంగిపోనాయి! బుగ్గ బూరెలాగైపోనాది!"

మా అమ్మాయి ఏడవలేదు. సంచీ తీసుకెళ్లి మూలన పెట్టి, పీట తెచ్చుకుంది. దాని ఏడుపు నేను భరించేదాన్నేమో కానీ, ఆ పీట చూసి ఉండలేకపోయాను. ఆముదం సీసా తీసుకుని, గుడ్డలో ఇంత బూడిద మూటకట్టుకుని, పిల్ల రెక్క పట్టుకుని బడికి బయల్దేరాను. అంతవరకూ బడి గడప తొక్కినదాన్ని కాదు.

మేస్టారు రెండు చేతులూ బల్ల మీద అప్పాల్లా పరుచుకుని కూర్చున్నారు. "బాబూ, పిల్లది తప్పు నేదు. పచ్చి పెంకులు ఏరింది నాను. కొట్టాలంటే నన్ను కొట్టండి," అన్నాను.

"ఏ చేత్తో కొట్టమంటావమ్మా?" అన్నారాయన.

తరగతంతా గొల్లుమంది. నాకూ నవ్వొచ్చింది, ఆపుకున్నాను. "నీల్లతో గానీ కడిగీసినారా?"

"సబ్బు పెట్టి మూడుసార్లు."

"ఓలమ్మా! ఎవులు కడగమన్నారు బాబూ? నీల్లకి పోద్దేటి అది? ఇంకా పాకుద్ది." సీసా మా అమ్మాయి చేతికిచ్చాను. అది మేస్టారి వేళ్లకి ఒక్కొక్కటిగా ఆముదం రాసింది, పైన బూడిద అద్దింది. పెద్దవాళ్ల చేతులు పట్టుకుని మందు రాస్తుంటే దానికి ఎక్కడలేని పెద్దరికం వచ్చింది.

"నీకు కాలదా?" అని అడిగారు.

"పని మొదలెట్టకముందే రాసుకుంటాం మేస్టారూ. తమరు రాసుకోకుండా ముట్టుకున్నారు," అంది, తప్పు దిద్దుతున్నట్టు.

ఆయన పకపకా నవ్వి, నొప్పికి బుగ్గ పట్టుకోబోయి, చెయ్యి ఆపుకున్నారు. వేపడం ఎలా, కొట్టడం ఎలా అని అడిగితే అది నిలబడి అన్నీ చెప్పింది. వెనక బెంచీల వాళ్లు మెడలు చాచి విన్నారు. బెత్తం పట్టలేని మేస్టారిని తెచ్చిపెట్టినందుకే సగం మందికి దాని మీద ప్రేమ పుట్టిందని నా అనుమానం.

"అమ్మా, నువ్వు పనికి వెళ్లు. పిల్ల ఇక్కడే ఉంటుంది," అన్నారు. తర్వాత దానితో, "ఈ వారం నేను సుద్దముక్క పట్టలేను. నేను చెబుతాను, నువ్వు బోర్డు మీద రాయి," అన్నారు.

బట్టీకి ఆలస్యమైపోతోంది. అయినా గుమ్మం పక్కన నిలబడిపోయాను. ఆయన చెబుతున్నారు, అది మునివేళ్ల మీద లేచి రాస్తోంది, మిగతా పిల్లలంతా తలెత్తి చూసి పుస్తకాల్లోకి దించుకుంటున్నారు. అక్కడ ఏం రాసిందో నాకు తెలియదు, అడగనూ లేదు. బట్టీలో కూర్చున్న ఏళ్లన్నీ ఇప్పుడు తలుచుకుంటే ఒకే రోజులా కలిసిపోయాయి. ఆ గుమ్మం దగ్గర నిలబడ్డ పావుగంట మాత్రం, ఎంత తలుచుకున్నా, ఇంకా అయిపోవడం లేదు.