అధ్యక్షుడికి అందని అర్జీ

దేవసహాయం సారుకు నిలకడ తక్కువ. పాఠం చెబుతూనే కిటికీ దాకా వెళ్లొస్తాడు, సుద్దముక్క నలిపేస్తాడు. డెబ్బై తొమ్మిదిలో, ఎండలు ముదరకముందే, జనం ఫిర్యాదులు వినడానికి శాసనసభ కమిటీ మా ఊరికి వస్తోందని తెలిసింది. అప్పటి నుంచి ఆయనకు అన్నం సహించలేదు. పటాన్‌చెరు వైపు కొత్తగా లేచిన ఒక ఫ్యాక్టరీ మురుగు వదిలితే, చర్చి పక్కనున్న సారు వాళ్ల వాడ బావి నీళ్లు ఎర్రబడ్డాయి. ఆయన భార్య దయావతి నీళ్లకు మైలు నడుస్తోంది. సారు అర్జీ రాశాడు, కొట్టేశాడు, మళ్లీ రాశాడు. నేనూ ఆయన బడిలోనే పంతులును కాబట్టి ప్రతిసారీ నాకే వినిపించేవాడు.

చిక్కల్లా కమిటీ అధ్యక్షుడు ప్రతిపక్ష సభ్యుడు కావడమే. సర్పంచ్ జంగయ్య నవ్వాడు.

"సర్కారు లేనోడు కుర్చీల కూసుంటే ఏమైతది సారూ? సర్కారు పార్టీ మెంబరు గూడ వస్తుండు గద, ఆయన చేతుల పెట్టుండ్రి. ప్రతిపక్షపోడికిస్తే మిమ్మల్ని ఆదిలాబాద్ అడవులకు తోలుతరు."

నేనూ తలూపాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కమిటీ జీపు దిగగానే సారు ఎదురెళ్లి అధికార పార్టీ సభ్యుడికి అర్జీ ఇచ్చాడు. ఆయన చదవకుండానే మడిచి జేబులో పెట్టుకుని, సారు భుజం తట్టాడు. సారు ముఖం వెలిగిపోయింది.

అధ్యక్షుడు బక్కపలచటి మనిషి. బావి దాకా నడిచి, నీళ్లు తోడించి, వాసన చూశాడు. వచ్చి బడి వరండాలో కూర్చున్నాడు.

"ఫిర్యాదు కాగితం మీద నా ముందుకు రావాలి. వస్తే ఫ్యాక్టరీ వాళ్లనూ అధికారులనూ పిలిపించి అడిగే హక్కు నాకుంది. ఎవరైనా రాశారా?"

సారు ఆ సభ్యుడి వైపు చూశాడు. ఆయన చేతి గడియారం చూసుకుంటున్నాడు. సారు రెండుసార్లు లేవబోయాడు. బదిలీ గుర్తొచ్చి బెంచీ వదల్లేదు. పక్కనే ఉన్న నేను హాజరు పట్టీ తిరగేశాను.

"ఫిర్యాదులు లేవని రాసుకోండి" అన్నాడు అధ్యక్షుడు గుమాస్తాతో, మా మీది కోపం దాచుకోకుండా.

సాయంత్రం సారు ఇంట్లో, నా ముందే, దయావతమ్మ బిందె దించి ఆయన్ని అడిగింది.

"అధ్యక్షుడికి ఇచ్చిండ్రా?"

"లే. ఎవరన్న రాసిండ్రా అని అడిగిండు. నేను లేవలే."

"ఆయనది ఏ ఊరో, మన బాయి కాడికి నడిసొచ్చి నీళ్లు వాసన సూసిండు. మీరు కూసున్న కాడికెల్లి లేవలేకపోయిండ్రా?"