రత్నమ్మకు నేను నేర్పిన ఫ్రెంచి మాట

కరీంనగర్ బడిలో పంతులు పని నాది. ఆరు నెలలు పుస్తకం చూసి ఫ్రెంచి నేర్చుకుని, ఊరంతా డప్పు కొట్టుకున్నాను. ఆ చప్పుడు ఉట్నూర్‌లో ఉద్యోగం చేసే మిత్రుడి దాకా పోయింది. అక్కడి మిషన్ దవాఖానలో వంట చేసే రత్నమ్మ కూతుర్ని టైఫాయిడ్ నుంచి బతికించిన ఫ్రెంచి నర్సు స్వదేశం వెళ్ళిపోతోందట. ఆమె భాషలోనే కృతజ్ఞత చెప్పుకోవాలని రత్నమ్మ పట్టుబట్టిందట. "నువ్వొచ్చి నేర్పాలె" అని ఉత్తరం రాశాడు. ఎగిరి గంతేశాను.

పోయిన నెల ఒకరోజు పొద్దున ఆరింటి బస్సెక్కి, కొండగట్టు దాటి, మెట్‌పల్లిలో చాయ్ తాగి, పదకొండున్నరకు నిర్మల్‌లో దిగాను. అక్కణ్ణించి జీపు. రెండు రూపాయల ఇరవై కొత్త పైసలు. "జర గట్టిగ పట్టుకో సారూ, ముంగట వాగున్నది" అన్నాడు డ్రైవరు. దుమ్ము కొట్టుకుని రెండింటికి ఉట్నూర్ చేరాను.

రత్నమ్మ వంటింట్లో కాచుకుని ఉంది. "సిస్టరమ్మ నోట విన్న సారూ. ర-కొ-నె-సాఁస్. గంతేనా?" అంది.

కృతజ్ఞత అనే ఆ ఫ్రెంచి మాటను నేను కాగితం మీద రాసి చూసుకున్నాను. రెండుచోట్ల జంట హల్లులు, చివర ఒక అచ్చు. "రాసిందంతా పలకొద్దూ! రె-కొన్-నైస్-సాన్-సె. అయిదు ముక్కలు" అన్నాను. మన తెలుగు చదివినట్టే ఒత్తులన్నీ ఒత్తించాను. ఆమె నా మొహంలోకి చూసి, "సదువుకున్నోళ్ళు, మీకు తెల్వదా" అని గంటసేపు పొయ్యి ముందు అదే వల్లించింది.

నాలుగింటికి నర్సు దవాఖాన జీపెక్కబోతుంటే రత్నమ్మ ఆమె చేతులు పట్టుకుని అయిదు ముక్కలూ తప్పకుండా పలికింది. నర్సుకు అర్థం కాలేదు. మళ్ళీ పలికింది. "ఏం కావాలె రత్నమ్మా?" అంటూ నర్సు పర్సు తెరిచింది. రత్నమ్మ గబుక్కున చేతులు వదిలేసి, "ఏం వద్దమ్మా" అని వెనక్కి జరిగింది. ఛీ! "నువ్వు విన్నట్టే అను" అని రత్నమ్మతో ఒక్క మాట అంటే నా సొమ్మేం పోయేది? పరువు పోతుందని నోరు మెదపలేదు. జీపు వెళ్ళిపోయింది.

హైదరాబాదులో ఫ్రెంచి తెలిసిన ఒకాయన్ను తర్వాత అడిగాను. జంట హల్లులు ఒక్కసారే పలుకుతాయట, చివరి అచ్చు వినపడదట, ముక్కలు నాలుగేనట. ఆయన చెప్పక ముందే, ఆ పర్సు తెరుచుకున్నప్పుడే నాకు తెలిసిపోయింది. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. ఉట్నూర్ వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: తిరుగు జీపు ఆరింటికి గానీ లేదు, అక్కడే తిని బయల్దేరండి. నాకు రత్నమ్మే అన్నం పెట్టింది. "మీ తప్పేం లేదు సారూ, నా నాలికే మొద్దుది" అంది.

నేను అవునన్నట్టు తలాడించాను.