తువ్వాలు కింద రెండు వేళ్ళు

ముప్పై ఏళ్ళుగా నూజివీడులో మామిడికాయల వ్యాపారం చేస్తున్నాను. నేను కేకేస్తే బస్టాండు దాకా వినిపిస్తుందంటారు. అయినా ధర దగ్గరికొచ్చేసరికి మా బజారులో ఎవరమూ నోరు విప్పం. తువ్వాలు కింద చెయ్యి పట్టుకుని వేళ్ళతోనే బేరం తేల్చుకుంటాం. అది పరువుగల పద్ధతని నాకు మహా గర్వం.

ఒక వేసవిలో మా అమ్మాయి ఊళ్ళోనే ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో ప్రసవించింది. అల్లుడు ఆగిరిపల్లి తోటలో కాయ కోయిస్తున్నాడు. మనవరాలు పుట్టిందని నేను వరండాలో స్వీట్లు పంచుతుంటే డాక్టరమ్మ గబగబా బయటికొచ్చింది.

"బ్లీడింగ్ ఆగట్లేదండీ. ఇంజెక్షన్లకి లొంగట్లేదు. విజయవాడ తీసుకెళ్ళేంత టైం లేదు. ఎదురు మెడికల్ షాపులో రెండు కండోమ్‌లు తీసుకురండి, మా దగ్గర అయిపోయాయి."

"ఏంటీ?" అన్నాను.

"గొట్టానికి కట్టి గర్భసంచిలో పెట్టి సెలైన్ ఎక్కిస్తామండీ. బుడగలా ఉబ్బి లోపల్నుంచి నొక్కిపట్టి రక్తం ఆపుతుంది. కోత అక్కర్లేదు. ముందు పరిగెత్తండి!"

పరిగెత్తాను. ఆ షాపాయన నాకు బావ వరస. కౌంటరు ముందు మా వీధి ఆడవాళ్ళు నలుగురున్నారు. అంతే, నా నోరు పడిపోయింది. తర్వాత నేను చేసిన ఘనకార్యం ఇది: తువ్వాలు కప్పి, దాని కింద బావ చెయ్యి పట్టుకుని రెండు వేళ్ళు నొక్కాను. ఎండదెబ్బ తగిలిందనుకున్నాడో ఏమో, పాపం, రెండు గ్లూకోజ్ ప్యాకెట్లు చేతిలో పెట్టాడు. వాళ్ళందరి ముందూ ఇవి కాదనలేక, అవే పుచ్చుకుని వచ్చేశాను!

మెట్ల మీద మా ఆవిడ ఎదురైంది. చేతిలో రక్తంతో తడిసిన గుడ్డ.

"ఇవేంటండీ? అక్కడ పిల్ల ప్రాణం పోతోంది! మీ సిగ్గు తగలెయ్య!"

వెనక్కి పరిగెత్తి, రోడ్డు మధ్యలోంచే అరిచాను. "బావా! కండోమ్‌లు ఇవ్వు! నా కూతురు చచ్చిపోతోంది!"

బస్టాండు దాకా వినిపించే ఉంటుంది. ఎవరూ నవ్వలేదు. ఆ నలుగురిలో ఒకావిడే బావ చేతిలోంచి లాక్కుని నాకు అందించింది.

కాసేపటికి రక్తం ఆగింది. మర్నాడు ఆ బుడగ తీసేశారు.

మొన్న మనవరాలి పుట్టినరోజున అమ్మాయి అందరి ముందూ, "మా నాన్న ఒక్క పరుగున వెళ్ళి తెచ్చి నన్ను బతికించాడు" అంది. మా ఆవిడ నా వంక ఒకసారి చూసి, కేకు ముక్కలు పంచసాగింది. ఒక్క పరుగు కాదమ్మా, రెండు అని చెబుదామని నోరు తెరిచాను. చివరికి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాను.